భవనాలకి మాటలొచ్చిన కథ

1880ల మొదట్లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ అనే చిన్న ఊళ్ళో, టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే కాలేజీలో వారెన్ జాన్సన్ అనే పంతులుండేవాడు. చలికాలం వస్తే ఆయనకో చికాకు. పాఠం మధ్యలో కాలేజీ బంట్రోతు తలుపు తోసుకుని వచ్చేవాడు, గది వెచ్చగా ఉందో లేదో చూసుకునేవాడు, బేస్‌మెంట్‌లోకి దిగి వేడిగాలి గొట్టాల మూతలు కాస్త తెరవడమో మూయడమో చేసేవాడు. ఒక గది అయ్యాక ఇంకో గది. మనిషి లోపలికి రాకుండా, గది తన సంగతి తానే కిందికి చెప్పుకునే ఉపాయం ఏదన్నా ఉంటే బాగుణ్ణని ఆయన కరెంటు తీగలతో కుస్తీపట్టి, 1883లో ఒక థర్మోస్టాట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. రెండేళ్ళకి మిల్వాకీలో కంపెనీ పెట్టాడు. ఇవాళ్టి జాన్సన్ కంట్రోల్స్ ఆ కంపెనీయే. ఆ రోజుల్లోనే మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ అనే ఆయన, బొగ్గు కొలిమి మూతని తనంతట తానే తెరిచి మూసే పరికరంతో ఇంకో కంపెనీ మొదలుపెట్టాడు. అది చేతులూ పేర్లూ మారి చివరికి హనీవెల్ అయింది.

పై అంతస్తులో ఉన్న గది నుంచి కింద ఉన్న యంత్రానికి కబురు చేరాలి. ఈ వ్యాపారంలో అసలు సరుకు అదే. ఆ కబురు ఏ భాషలో వెళ్ళాలి, ఆ భాష ఎవరి సొత్తు అన్నదాని మీద గత నలభై ఏళ్ళుగా ఒక గొడవ నడుస్తోంది. పేపర్లలో కనిపించని గొడవ. మనం పగలంతా కూర్చునే గదుల ఫాల్స్ సీలింగుల పైన నడిచే గొడవ.

మొదటి వందేళ్ళలో ఎక్కువకాలం ఆ భాష గాలి. అలంకారం కాదు, నిజంగానే గాలి. బేస్‌మెంట్‌లో కంప్రెసర్ ఉండేది. అక్కణ్ణుంచి సన్నటి గొట్టాలు గోడల్లోంచి ప్రతి గదికీ పాకేవి. గది వేడెక్కేకొద్దీ థర్మోస్టాట్ లోపలి లోహపు పలక వంగి, గొట్టంలో గాలి ఒత్తిడిని మార్చేది. అవతలి చివర వాల్వ్ ఆ ఒత్తిడిని బట్టి తెరుచుకునేది, మూసుకునేది. చదరపు అంగుళానికి 3 పౌండ్ల నుంచి 15 పౌండ్ల దాకా. 3 అంటే ఒక కొస, 15 అంటే ఇంకో కొస. పరిశ్రమ మొత్తం ఈ అంకెలకే కట్టుబడింది. దాంతో ఒక కంపెనీ థర్మోస్టాట్ పాడైతే ఇంకో కంపెనీది తెచ్చి బిగించుకోవచ్చు. వాల్వ్ ఎవరిదైనా సరే, గాలికి కంపెనీ పేరు తెలియదు. ఈ సౌకర్యం ఎంత గొప్పదో అప్పట్లో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. అది పోయాకే తెలిసింది.

అది పోవడానికి కారణం కంప్యూటర్. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. అంతదాకా కరెంటు బిల్లు వంక చూడని భవనాల యజమానులు ఒక్కసారిగా లెక్కలు తీశారు. ఏ గదిలో ఎంత ఖర్చవుతోంది, రాత్రిపూట ఖాళీ భవనాన్ని ఎందుకు వేడి చేస్తున్నాం, ఇలాంటి ప్రశ్నలకి గాలిగొట్టాల దగ్గర జవాబు లేదు. అదే దశకంలో మైక్రోప్రాసెసర్ చవకైంది. 1980లు వచ్చేసరికి గాలి స్థానంలో చిన్న చిన్న కంప్యూటర్లు వచ్చాయి. వాటిని కంట్రోలర్లు అన్నారు. అవి తీగల మీద అంకెలు పంపుకునేవి. ఆ అంకెలకి అర్థం ఏమిటో మాత్రం ప్రతి కంపెనీ తనకి తోచినట్టు రాసుకుంది. రాసుకుని బీరువాలో దాచుకుంది.

దాంతో ఏమైందో ఊహించడం కష్టం కాదు. ఒక యూనివర్సిటీ ఇరవై ఏళ్ళలో ఇరవై భవనాలు కట్టిందనుకోండి. ప్రతిదానికీ టెండర్ పిలుస్తారు, తక్కువకి పాడినవాడికి ఇస్తారు. చివరికి ఒకే క్యాంపస్‌లో నాలుగు కంపెనీల పరికరాలు, నాలుగు తెరలు, నాలుగు రకాల ట్రైనింగులు. ఒక తెర మీద ఇంకోదాని అంకె కనిపించదు. పైగా మొదటిసారి చవగ్గా పాడిన కంపెనీ, రెండోసారి ఒక సెన్సర్ మార్చాలంటే తన ఇష్టమొచ్చిన ధర చెబుతుంది. ఎందుకంటే ఆ సెన్సర్ మాట్లాడే భాష అదొక్కటే అమ్ముతుంది. యజమాని జుట్టు కంపెనీ చేతికి చిక్కిందన్నమాట. కోట్లు పోసి కట్టించుకున్న భవనంలో, తన గది వేడెంతో తెలుసుకోడానికి ఇంకొకరి అనుమతి కావాలి.

న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ యూనివర్సిటీలో ఇలాంటి కంప్యూటర్ల బాధ్యత మైకేల్ న్యూమన్ అనే ఆయనది. ఆయన పరికరాలు అమ్మేవాడు కాదు, కొనేవాడు. ఈ చిన్న సంగతికి చాలా బరువుంది. ఏసీ, వెంటిలేషన్ ఇంజనీర్ల సంఘం పేరు ఆష్రే. అది 1987 జూన్‌లో నాష్‌విల్‌లో జరిపిన సమావేశాల్లో, భవనాల పరికరాలన్నిటికీ ఒకే భాష తయారుచేసే కమిటీ మొదటిసారి కూర్చుంది. అధ్యక్షుడు న్యూమన్. అమ్మే కంపెనీల మనుషులూ, కొనే సంస్థల మనుషులూ, అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నుంచి స్టీవెన్ బుష్‌బీ లాంటి పరిశోధకులూ ఒకే బల్ల చుట్టూ చేరారు. ఆ భాషకి బ్యాక్‌నెట్ అని పేరు పెట్టారు.

అది పుస్తకంగా అచ్చయింది 1995లో. ఎనిమిదేళ్ళు! ఇంత ఆలస్యం ఎందుకంటే ఆష్రే పద్ధతే అంత. ముసాయిదా రాయాలి, జనం ముందు పెట్టాలి, వచ్చిన ప్రతి అభ్యంతరానికీ జవాబివ్వాలి. అభ్యంతరాలు వందల్లో వచ్చాయి. పోటీ కంపెనీలు ఒకరి మాటకి ఒకరు ఒప్పుకోవాలి. ఈలోగా ఎషెలాన్ అనే కంపెనీ 1990లో లాన్‌వర్క్స్ అని ఇంకో భాష బయటపెట్టింది. ఆపిల్ తొలినాళ్ళలో పెట్టుబడి పెట్టిన మైక్ మార్కులా స్థాపించిన కంపెనీ అది. దాని పద్ధతి వేరు. భాష మొత్తాన్నీ ఒక చిప్‌లో పోసి, ఆ చిప్ అమ్మడం. పని సులువు, కానీ తాళంచెవి మళ్ళీ ఒకరి జేబులోనే. 1990లంతా ఈ రెండు పక్షాలూ పత్రికల్లోనూ, సమావేశాల్లోనూ కొట్టుకున్నాయి. ఆ యుద్ధం చదవడానికి సరదాగానే ఉంటుంది గానీ ఇప్పుడు దాని గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు.

చెప్పుకోవాల్సింది బ్యాక్‌నెట్ లోపలి ఆలోచన. కంట్రోలర్ లోపల ఏముండాలి, ఎలా పనిచేయాలి అని కమిటీ శాసించలేదు. అలా చేసి ఉంటే ఏ కంపెనీ ఒప్పుకునేది కాదు. బయటికి ఎలా కనిపించాలో మాత్రమే చెప్పింది. ప్రతి పరికరమూ కొన్ని ‘ఆబ్జెక్టుల’ మూటలా కనిపించాలి. థర్మామీటర్ ఒక ఆబ్జెక్టు, ఫ్యాన్ స్విచ్ ఒక ఆబ్జెక్టు, ఆఫీసు పనివేళల పట్టిక ఒక ఆబ్జెక్టు. ప్రతిదానికీ ఒక పేరు, ఒక నంబరు, ప్రస్తుతం ఉన్న విలువ. 1995 పుస్తకంలో ఇలాంటి రకాలు 18. ఆ విలువ చదవమని అడగొచ్చు, మార్చమని అడగొచ్చు. కొత్తగా వచ్చినవాడు వీధిలో నిలబడి ఎవరున్నారని కేకేస్తే, ఉన్నవాళ్ళంతా తలుపులు తీసి తమ నంబరు చెబుతారు. పుస్తకంలో ఆ రెండు సందేశాల పేర్లు అక్షరాలా ‘హూ ఈజ్’, ‘ఐ యామ్’.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకొకటుంది. ఒక ఫ్యాన్ ఉందనుకోండి. సాయంత్రం ఆరయింది కాబట్టి ఆపెయ్యమని పనివేళల పట్టిక అంటుంది. మీటింగ్ ఇంకా నడుస్తోంది, తిప్పమని డ్యూటీలో ఉన్న ఆపరేటర్ అంటాడు. పొగొచ్చింది, వెంటనే ఆపమని ఫైర్ అలారం అంటుంది. ఎవరి మాట నెగ్గాలి? బ్యాక్‌నెట్ ఆ ఫ్యాన్‌కి 16 గళ్ళ వరస ఇచ్చింది. ఎవరి ఆజ్ఞ వాళ్ళ గడిలో రాసి పోవాలి. అన్నిటికంటే పైగడిలో ఏం రాసుంటే ఫ్యాన్ అది వింటుంది. ఒకటీ రెండూ ప్రాణరక్షణకి. ఎనిమిది మనిషి చేత్తో ఇచ్చిన ఆజ్ఞకి. ఆరో గడి ఇంకా ముచ్చటైనది. ఇప్పుడే ఆపిన మోటార్‌ని మళ్ళీ వెంటనే వేస్తే పాడవుతుంది కదా, కాసేపు ఆగమని యంత్రం తనకోసం తాను రాసుకునే చోటది. పని అయిపోయినవాడు తన గడి ఖాళీ చేసి వెళ్ళిపోవాలి. అప్పుడు కిందివాడి మాట దానంతటదే చెల్లుతుంది. మండల ఆఫీసు నుంచి సెక్రటేరియట్ దాకా మన ఫైళ్ళెలా నడుస్తాయో తెలిసినవాళ్ళకి ఈ ఏర్పాటు చూస్తే కాస్త అసూయ కలుగుతుంది. ఆపరేటర్ తన ఎనిమిదో గడి ఖాళీ చేయకుండా ఇంటికెళ్ళిపోవడం కూడా ఉంది. రాత్రంతా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. భాష ఎంత బాగున్నా మనుషులు మనుషులే.

1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, 450 గోల్డెన్ గేట్ అవెన్యూలోని ఒక పెద్ద ప్రభుత్వ భవనంలో పాత గాలిగొట్టాల స్థానంలో బ్యాక్‌నెట్ బిగించారు. పెద్ద ఎత్తున జరిగిన మొదటి ప్రయోగాల్లో అదొకటి. 1999లో ఇంటర్నెట్ తీగల మీద నడిచే రూపం వచ్చింది. దానికి కేటాయించిన పోర్టు నంబరు 47808. ఎందుకీ వింత అంకె అంటే, దాన్ని ప్రోగ్రామర్ల పదహారు అంకెల లెక్కలో రాస్తే బి, ఎ, సి, సున్నా వస్తుంది. కమిటీల్లో కూడా చమత్కారులుంటారు. 2003లో ఐఎస్‌ఓ దీన్ని అంతర్జాతీయ ప్రమాణంగా తీసుకుంది.

ఇక్కడితో కథ సుఖాంతమైనట్టే కనిపిస్తుంది. కంపెనీల బీరువాల్లోంచి భాష బయటికొచ్చింది. ఎవరైనా పుస్తకం కొనుక్కుని చదువుకోవచ్చు. కానీ చదవడం వేరు, మాట్లాడటం వేరు. ఆ పుస్తకం ఇవాళ వెయ్యి పేజీలు దాటింది. అప్పట్లోనే వందల పేజీలు. దాన్ని చదివి, అర్థం చేసుకుని, ప్రతి సందేశాన్నీ బిట్ బిట్‌గా కూర్చి విప్పే ప్రోగ్రాం రాయాలంటే ఒక ఇంజనీర్ల బృందం నెలలు, ఏళ్ళు కూర్చోవాలి. పెద్ద కంపెనీలకి ఆ బృందాలున్నాయి. పదిమందితో ఒక షెడ్డులో తేమ కొలిచే సెన్సర్ తయారుచేసేవాడికి లేవు. రాసి పెట్టిన ప్రోగ్రాం అమ్మేవాళ్ళున్నారు, లైసెన్సు డబ్బు కట్టి కొనుక్కోవాలి. అంటే స్టాండర్డ్ అందరిదీ, దాన్ని పలికించే నోరు మాత్రం కొందరిది. ‘ఓపెన్’ అనే మాటని కంపెనీల కరపత్రాల్లో ఎంత తేలిగ్గా వాడేస్తారో చూస్తే ఈ తేడా ఎందుకు మరుగున పడిందో తెలుస్తుంది.

2003 ప్రాంతంలో స్టీవ్ కార్గ్ అనే అమెరికన్ ఇంజనీర్ ఆ నోటిని సీ భాషలో రాయడం మొదలుపెట్టి, సోర్స్‌ఫోర్జ్‌లో అందరికీ ఉచితంగా పెట్టాడు. పేరు కూడా ఆర్భాటం లేకుండా ‘బ్యాక్‌నెట్ స్టాక్’. దాన్ని చదివితే ముందు తెలిసేది, రాసినవాడి కళ్ళ ముందు ఉన్నది పెద్ద కంప్యూటర్ కాదని. ఒక భవనంలో సర్వర్లు ఒకటో రెండో ఉంటాయి. ఫాల్స్ సీలింగ్‌లో, గోడలో, ఏసీ డక్టు పక్కన ఉండే చిన్న పరికరాలు వందలు, వేలు. భాష అందరికీ వచ్చిందా లేదా అన్నది తేలేది అక్కడే. వాటిలో ఉండే చిప్పులు మహా పేదవి. ఈ స్టాక్ నడిచిన చిప్పుల్లో ఏటీమెగా168 ఒకటి. దాని ప్రోగ్రాం జాగా 16 కిలోబైట్లు, పని చేసుకునే మెమరీ 1 కిలోబైటు. మీరు చదువుతున్న ఈ వ్యాసం ఆ 1 కిలోబైటులో ఒక పేరా కూడా పట్టదు. తెలుగు అక్షరం ఒక్కోటి మూడేసి బైట్లు తింటుంది మరి.

అలాంటి చోట రాయడానికి క్రమశిక్షణ వేరు. కావలసినప్పుడు మెమరీ అడిగి తీసుకుని తర్వాత తిరిగిచ్చే విలాసం ఉండదు. ముందే గిరిగీసుకుని ఆ గీతలోనే బతకాలి. పరికరం ఏళ్ళ తరబడి ఆగకుండా నడవాలి, రీస్టార్ట్ చేయడానికి నిచ్చెన వేసుకుని ఎవరూ రారు. బ్యాక్‌నెట్ పుస్తకం ఈ పేదలకి ఒక సౌకర్యం ఇచ్చింది. ఎంత పెద్ద సందేశం వినగలవో నువ్వే ముందు చెప్పు, 50 బైట్లే అన్నా సరే, అవతలివాళ్ళు అంతకు మించి పంపరు. ఈథర్‌నెట్ మీద అయితే ఆ పరిమితి 1476.

పైగా ఈ చిన్న పరికరాలు ఇంటర్నెట్ తీగ మీద ఉండవు. చవకైన రెండు తీగల జత మీద వరసగా వేలాడతాయి. తీగ ఒకటే కాబట్టి ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అంతా గోల. అందుకే వంతులు. మన చెరువుల కింద, కాలవ చివర పొలాలకి వంతులవారీగా నీళ్ళు వదులుతారు చూశారా, సరిగ్గా అదే. ‘టోకెన్’ చేతికొచ్చినవాడే మాట్లాడాలి, మాట్లాడి పక్కవాడికి ఇవ్వాలి. అందుకున్నవాడు 15 మిల్లీసెకన్లలోపు నోరు తెరవాలి. పక్కవాడు చచ్చిపోయి వంతు మధ్యలో పోయిందా, తీగ మీద అర సెకను నిశ్శబ్దం చూసి, ఎవరో ఒకరు కొత్త వంతు పుట్టించాలి. కొత్తగా ఎవరైనా చేరారేమోనని మధ్యమధ్యలో పిలిచి చూడాలి. పుస్తకంలో ఇదంతా పేజీలకి పేజీల నియమాలు. కార్గ్ కోడ్‌లో దీన్ని చూస్తే, ఆ నియమాలు దాదాపు అవే పేర్లతో, అదే వరసలో కనిపిస్తాయి. పుస్తకం ఒక పక్క, కోడ్ ఒక పక్క పెట్టుకుని చదువుకోవచ్చు. ఇంజనీరింగ్ కుర్రాళ్ళకి దీన్ని మించిన టీకాతాత్పర్యం దొరకదు.

లైసెన్సు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పేచీ అక్కడే. ఓపెన్ సోర్స్ ప్రపంచంలో జీపీఎల్ అనే లైసెన్సు ఉంది. నా కోడ్ నీ ప్రోగ్రాంలో కలుపుకుని అమ్ముకుంటే, నీ ప్రోగ్రాం కోడ్ కూడా బయటపెట్టాలి అంటుంది. పెద్ద కంప్యూటర్లలో అయితే ఉచిత లైబ్రరీని వేరే ఫైలుగా ఉంచి ఈ చిక్కు తప్పించుకునే దారులున్నాయి. చిన్న చిప్‌లో ఆ వీలు లేదు. అంతా కలిపి ఒకే ముద్దగా కాల్చి ఎక్కించాల్సిందే. తేమ సెన్సర్ చేసేవాడు ఏళ్ళ తరబడి కూర్చి పెట్టుకున్న కొలత సూత్రాలన్నీ బయటపెట్టాల్సి వస్తే, వాడు ఈ స్టాక్ జోలికే రాడు. పోయి మళ్ళీ డబ్బు కట్టే స్టాకే కొనుక్కుంటాడు. అందుకని కార్గ్ ముఖ్యమైన ఫైళ్ళకి జీపీఎల్‌తో పాటు ఒక మినహాయింపు జోడించాడు. ఈ ఫైళ్ళని నీ ప్రోగ్రాంతో కలుపుకోవచ్చు, నీ సొంత కోడ్ నీ దగ్గరే ఉంచుకోవచ్చు, కానీ ఈ ఫైళ్ళలోనే ఏమన్నా మార్చి అమ్మితే ఆ మార్పు మాత్రం పంచుకోవాలి.

కరడుగట్టిన స్వేచ్ఛావాదులకి ఇది రాజీగా కనిపిస్తుంది. ఉచితంగా ఇచ్చిన కోడ్ మూసిన డబ్బాల్లోకి పోయిందని వాళ్ళ బాధ. ఆ బాధలో నిజం ఉంది, అది ఎక్కడ గుచ్చుకుంటుందో తర్వాత చెబుతాను. కానీ ఆ మినహాయింపు లేకపోతే ఆ డబ్బాల్లో ఈ భాషే ఉండేది కాదన్నది నా అభిప్రాయం. ఇక్కడ పంచుకోవాల్సింది సెన్సర్ తయారీ రహస్యం కాదు, మాట్లాడే మర్యాద. వంటల పోటీకి వచ్చినవాళ్ళని మీ కారం పాళ్ళు చెప్పమని అడగం, గిన్నె మీద ఏ కూరో రాయమంటాం.

ఉచితంగా దొరకడంతో చుట్టూ ఇంకా కొన్ని చేరాయి. కమాండ్ లైన్‌లో పనిచేసే చిన్న చిన్న పనిముట్లు ఈ స్టాక్‌తోనే వస్తాయి. ఒకటి ఎవరున్నారని కేకేస్తుంది, ఒకటి విలువ చదువుతుంది, ఒకటి రాస్తుంది. ఇంకొకటి రెండు తీగల మీద నడిచే సంభాషణని దొంగచాటుగా విని ఫైలులో భద్రం చేస్తుంది. ఆ ఫైలుని వైర్‌షార్క్‌లో తెరిచి ఎవరు ఎవరితో ఏమన్నారో తీరిగ్గా చూసుకోవచ్చు. దీని విలువ ఫీల్డులో పనిచేసేవాళ్ళకే తెలుస్తుంది. రెండు కంపెనీల పరికరాలు మాట్లాడుకోకపోతే, తప్పు అవతలివాడిదేనని ఇద్దరూ ఈమెయిళ్ళు పెట్టుకోవడం ఈ పరిశ్రమలో పాత ఆచారం. ఎవరికీ చెందని మూడో సాక్షి దొరికేసరికి ఆ వాదనలు కురచయ్యాయి. కోర్టు భాషలో చెప్పాలంటే, ఉభయపక్షాలూ ఒప్పుకునే రికార్డు.

కార్నెల్‌లో మొదలైన కథ కార్నెల్‌కి ఇంకోసారి వస్తుంది. బ్యాక్‌ప్యాప్స్ అనే పైథాన్ లైబ్రరీ రాసిన జోయెల్ బెండర్ అక్కడ పనిచేసినవాడే. చిన్న చిప్పుకి కార్గ్ స్టాక్, కంప్యూటర్ పక్కన బెండర్ లైబ్రరీ. పరిశోధన చేసే పిల్లలు, స్టార్టప్‌లు, కరెంటు ఆదా లెక్కలు వేసే సంస్థలు ఎక్కువగా ఈ రెండో తలుపు గుండానే భవనాల్లోకి వచ్చాయి.

ఇప్పుడు ఆ గుచ్చుకునే సంగతి. 1995లో బ్యాక్‌నెట్ రాసినవాళ్ళు, తీగ మీద ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అనుకున్నారు. భద్రత మీద పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది గానీ, దాన్ని వాడినవాళ్ళు దాదాపు లేరు. ఫ్యాన్ ఆపమని ఎవరు అడిగినా, గడి చూస్తుందే తప్ప మొహం చూడదు. తీగ బేస్‌మెంట్ దాటనంతకాలం ఇబ్బంది లేదు. భవనాలని ఇంటర్నెట్‌కి కలిపాక, 47808 తలుపు బార్లా తెరుచుకుని ఉన్న పరికరాలు ప్రపంచమంతటా ఎవరు వెతికినా కనిపించడం మొదలైంది. దానికి విరుగుడుగా 2019లో బ్యాక్‌నెట్ సెక్యూర్ కనెక్ట్ అనే కొత్త రూపం వచ్చింది. బ్యాంకు వెబ్‌సైట్లు వాడే గుప్తలేఖన పద్ధతే ఇందులోనూ. గుర్తింపు పత్రం ఉన్నవాడికే ప్రవేశం.

ఓపెన్ సోర్స్ స్టాక్‌లోనూ లోపాలు బయటపడ్డాయి. 2019లో, అప్పటి 0.8.6 వరకు ఉన్న వెర్షన్లలో, కావాలని వంకరగా కూర్చిన ఒక సందేశం పంపితే ప్రోగ్రాం కుప్పకూలుతుందని తేలింది. కోడ్ అందరి ముందూ ఉంది కాబట్టే దొరికింది, దొరికింది కాబట్టే సరిదిద్దారు. ఇంతవరకు ఓపెన్ సోర్స్ గొప్పతనమే. అయితే సరిదిద్దిన కోడ్ నెట్‌లో ఉంది, పాత కోడ్ ఏ ఊళ్ళో ఏ భవనం ఫాల్స్ సీలింగ్‌లో ఏ కంపెనీ డబ్బాలో ఉందో జాబితా ఎక్కడా లేదు. ఆ డబ్బా తయారుచేసిన కంపెనీ మూతపడి ఉండొచ్చు. ఉన్నా, కొత్త ప్రోగ్రాం ఎక్కించడానికి మనిషిని పంపే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఆ భవనం యజమానికి తన గోడలో ఈ స్టాక్ ఉందన్న సంగతే తెలియదు. మినహాయింపు లైసెన్సు డబ్బా మూసి ఉంచుకోనిచ్చింది కదా, దాని ధర ఇది. ఇందాక స్వేచ్ఛావాదుల బాధలో నిజం ఉందన్నది అందుకే.

ఈ కథలో హైదరాబాద్‌కి ఎక్కువ చోటు లేదు, ఉన్న చోటు మాత్రం గమనించదగ్గదే. 2004లో హైటెక్ సిటీ దగ్గర అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్, అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ తెచ్చుకున్న మొదటి భవనం. ఆ తర్వాత గచ్చిబౌలి, మాదాపూర్ వైపు లేచిన గాజు మేడలు గ్రీన్ రేటింగుల కోసం పోటీపడ్డాయి. అలాంటి మేడల్లో బీఎంఎస్ రూం అనే ఒక గది ఉంటుంది. రెండు తెరలు, ఒక కుర్చీ, షిఫ్టు డ్యూటీ ఆపరేటర్. మనం చలికి వణుకుతూ ఫెసిలిటీస్ వాళ్ళకి టికెట్ పెడితే, చివరికి ఆ ఎనిమిదో గడిలో అంకె రాసేది ఆయనే. టెండర్ కాగితాల్లో బ్యాక్‌నెట్ కంపాటిబుల్ అని ఒక ముక్క ఉంటే చాలనుకుంటారు. ఆ ముక్కతో పాటు అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. పరికరాల ఆబ్జెక్టుల జాబితా యజమానికి అప్పజెప్పారా? పాస్‌వర్డులు, ప్రోగ్రాం బ్యాకప్‌లు ఎవరి దగ్గరున్నాయి? లోపలున్న ప్రోగ్రాం ఏ వెర్షన్? ఇవి అడక్కపోతే, భాష ఉమ్మడిదైనా జుట్టు మళ్ళీ కంపెనీ చేతిలోనే. గాజు మేడ వయసు యాభై ఏళ్ళు అనుకుంటే, కంట్రోలర్ వయసు పదిహేను, అమ్మినవాడి ఆసక్తి వారంటీ అయ్యేదాకా.

ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకి మాత్రం పదేళ్ళ కిందట లేని దారి ఒకటి ఇప్పుడుంది. అమీర్‌పేటలోనో కోఠీలోనో కొన్న ఈఎస్‌పీ32 బోర్డు, రెండు తీగల మాడ్యూల్, అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. స్టాక్ ఇప్పుడు గిట్‌హబ్‌లో ఉంది, ఆ బోర్డు మీద నడిచే నమూనా కూడా అందులో ఉంది. వారెన్ జాన్సన్ తీగలతో కుస్తీపట్టి సాధించింది, అంటే గది వేడెంతో కిందికి చెప్పడం, ఒక శని ఆదివారాల్లో అయ్యే పని.

బ్యాక్‌నెట్ పరికరం చేసే ప్రతి సంస్థకీ ఆష్రే ఒక నంబరు ఉచితంగా ఇస్తుంది. సున్నా ఆష్రేకే. ఒకటి అమెరికా ప్రమాణాల సంస్థకి. ఇప్పుడా జాబితా వెయ్యి దాటింది, పెద్ద కంపెనీల పక్కన పేరు వినని వర్క్‌షాపులున్నాయి. అందులో 260వ నంబరు ఈ ఓపెన్ సోర్స్ స్టాక్‌ది. కోడ్‌ని దించుకుని వాడేవాళ్ళు దాని స్థానంలో తమ సొంత నంబరు రాసుకోవాలి. ఏదన్నా భవనంలో తీగకి లాప్‌టాప్ తగిలించి ఎవరున్నారని కేకేసినప్పుడు, నేనున్నానంటూ వచ్చిన జవాబుల్లో 260 కనిపిస్తే, ఆ డబ్బా చేసినవాళ్ళెవరో హడావుడిలో ఆ ఒక్క లైను మార్చడం మర్చిపోయారన్నమాట.